మధ్యాహ్నం పన్నెండూ నలభై

శనివారం మేం నీచు ముట్టం.
కాబట్టి బరంపురంలో మాకు మిగిలింది
ఆదివారం ఒక్క పూట, ఒక్క ఆకలి,
మూడుంబావుకి పలాస వెళ్లే బండి.

నిన్నంతా ఉపోద్ఘాతమే.
స్టేషను బయట సాలాకు దొన్నెలో ఇడ్లీ, దాని మీద ఘుగుని.
ఇడ్లీకి బఠాణీ కూరేమిటని మొహం చిట్లించిందీ నేనే,
రెండో దొన్నె అడిగిందీ నేనే.
సాయంత్రం అడుగు మాడిన ఛెనాపోడొ.
ఆ మాడే దాని అందమట.
జోగారావు ప్రతిదాన్నీ వేలితో నొక్కి చూసి
"బావుంది" అన్నాడు,
పరీక్ష రాయని పిల్లాడు
ప్రశ్నపత్రం బావుందన్నట్టు.

పోయిన శ్రావణంలో ఏడు రోజుల జ్వరం.
పోతూ పోతూ ముక్కుని పట్టుకుపోయింది.
పులుసులో ఇంగువ, తొలకరి మన్ను, నా తలనూనె
అన్నీ ఇప్పుడు గ్లాసుడు మంచినీళ్లే.
పంతొమ్మిదేళ్లు పార్సిలాఫీసులో
బస్తా విప్పకుండానే
ఎండు రొయ్యలు ఏ రేవువో చెప్పిన ముక్కు.

కుడివైపు మొహంతీ హోటల్.
ఆవనూనె మరిగి, మసాలా ఎర్రబడి,
మటన్ ఝోలొలో బంగాళదుంప సగం కరిగి
ఆ వాసన రోడ్డు దాటొచ్చి నా భుజం పట్టుకుంది.
గుమ్మం ముందు చెప్పుల గుట్ట.
ఎడమవైపు దాకోజు వారి మెస్.
బోర్డు మీద తెలుగు వెలిసిపోయి, ఒడియా కొత్తగా.
ఫినాయిల్ తప్ప
ఏ వాసనా రాలేదు అట్నుంచి.

ఇదివరకైతే నడిరోడ్డు మీద ఆగి
కళ్లు మూసి, గడ్డం కాస్త ఎత్తి
"ఇటు" అనేవాడు.
ఎప్పుడూ తప్పలేదు.
పర్లాకిమిడిలో ఒకసారి తప్పింది,
దాని గురించి మేం మాట్లాడుకోం.

ఇవాళా ఆగాడు. అలవాటు.
రిక్షా ఒకటి మా ఇద్దరి మధ్య నుంచే
బెల్లు కొట్టుకుంటూ పోయింది.
కుడివైపు అందామని నోరు తెరిచాను.
"ఉండవే. ఇను."

విన్నాను.
మెస్ లోపల ఎవరో అప్పడాలు వేయిస్తున్నారు.
ఒక్కోటీ నూనెలో జారి, ఉలిక్కిపడి, ఉబ్బి,
రేకు డబ్బాలో పడే చప్పుడు.
మళ్లీ ఇంకోటి.
"ఇటెల్దాం" అన్నాడు.
ఏడు నెలల తర్వాత ఆ మాట.

కూర బాగాలేదు.
ముక్క ఉడకలేదు, అల్లం పచ్చివాసన పోలేదు.
ఆ సంగతి ఆ బల్ల మీద నాకొక్కదానికే తెలుసు.
అతను అప్పడం విరిచి, చెవి దగ్గర పెట్టుకుని
మరోసారి విరిచి, నోట్లో వేసుకున్నాడు.
వడ్డించే కుర్రాణ్ణి నాలుగుసార్లు పిలిచాడు.
నాలుగోసారి వాడు డబ్బా బల్ల మీదే పెట్టేసి పోయాడు.

"ఎదురుగా ఏటి వాసనేసింది?"
"ఏం లేదు."
"అబద్ధం. అక్కడ నిలబడి నువ్వు మింగిన గుటక ఇన్నాను."
చెప్పాను.
ఆవనూనె అన్నాను. ఎంత ఘాటు అన్నాడు.
కళ్లు చెమ్మగిల్లేంత అన్నాను.
దుంప వేశాడా? వేశాడు.
పొట్టు తీసా? వాసనకెలా తెలుస్తుందయ్యా అన్నాను.
"నాకు తెలిసేది" అన్నాడు,
చెబుతుండగానే కలుపుకున్నాడు అన్నం,
ఈ హోటల్ కూరతోనే,
ఆ హోటల్ భోజనం.

మూడుంబావు బండి నాలుగింటికి వచ్చింది.
పచ్చి అప్పడాల కట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు,
ఎవరో రసీదు రాసి అప్పగించిన పెళుసు సామానులాగా.
ఇచ్ఛాపురం దాటాక,
నిద్రపోయాడనుకున్నాక,
"ఉల్లి ముందేశాడంటావా, వెల్లుల్లా?"

నాకు తెలీదు.
"వెల్లుల్లి" అన్నాను.